కిలుము తోమకు తల్లీ

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు గ్రీకు కంచు నాణేల మీద పరిశోధనకి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనింటి పిల్ల ఈ పని ఎత్తుకుందని సంతోషం, నీ తొందర తలుచుకుంటే గుబులు.

తూకం, వ్యాసం, రెండు బొమ్మలూ ఏ దిక్కుకి తిరిగున్నాయో రాసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. నేను చేతులారా పాడుచేసిన నాణెం సంగతి మాత్రం చెప్పాలి.

లండన్లో ఉన్నప్పుడు కొన్నాను. ఒకవైపు ఏజిస్ అనే దేవతల రక్షాకవచం, దాని మీద పాముల జుట్టున్న రాక్షసి గోర్గాన్ తల. రెండోవైపు ఖర్జూరపు మట్ట మోస్తున్న విజయదేవత నైకీ. నల్లసముద్రం ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యాన్ని ఆరో మిథ్రిదాతిస్ ఏలిన కాలంలో (క్రీ.పూ. 120–63) అక్కడి ఊళ్లు ముద్రించిన రకం. ఇదే బొమ్మ అమిసోస్ వేసింది, సినోపే వేసింది, ఇంకొన్ని ఊళ్లూ వేశాయి. ఏ ఊరిదో చెప్పేవి నైకీకి అటూ ఇటూ ఉన్న అక్షరాలే. నా నాణెం మీద కిలుములో, ఎడమవైపు, ఒక్క ఏటవాలు గీత కనిపించేది. గ్రీకు ‘అ’ అక్షరం ఆల్ఫా అయితే అమిసోస్ కావచ్చు, ‘స’ అక్షరం సిగ్మా అయితే సినోపే.

ఓపిక పట్టలేకపోయాను. మీ నాన్నమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పులుసులో నానేసి బ్రష్షుతో తోమాను. నాణెం రాగిచెంబులా ఎర్రగా మెరిసింది. గీత మాయమైంది. రెండువేల ఏళ్లు మట్టిలో ఉన్న కంచుకి అక్షరం రూపం ఆ కిలుము పొరలోనే మిగులుతుందమ్మా. దాన్నే నేను సింకులో పారబోశాను. ఆ పచ్చనీళ్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

నువ్వు తోమావంటే నాతో మాట్లాడకు! చీకటిగదిలో దీపాన్ని పక్కనుంచి, బాగా కిందికి పట్టి, నాణేన్ని మెల్లగా తిప్పు. నీడ పడి అక్షరం లేస్తుంది. అమిసోస్‌వి బోలెడు దొరుకుతాయి కదా అని బొమ్మ చూసి ఆ పేరు రాసెయ్యకు. గట్టి కిలుముకి భయం లేదు. పుల్లతో తాకితే రాలే లేతపచ్చ పొడి కనిపిస్తే మాత్రం ఆ నాణేన్ని వేరుచేసి, తేమ తగలకుండా పెట్టి, మీ మేడమ్‌కి చూపించు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా భయం ఇదే. అమిసోస్ అంటే ఇప్పటి టర్కీలోని సాంసున్. అక్కడికి వెళ్తే ఎవరు నాణెం చూపించినా కొనకు. దేశం దాటించడం అక్కడ నేరం. ఒంటరి పిల్లవి, మేమెవరం దగ్గర ఉండం.

బయల్దేరే ముందు ఒకపూట ఇంటికి రా. నాణెం బీరువాలోనే ఉంది, కవరు మీద ‘పాంటస్, ఊరు తెలియదు’ అని రాసి. నీ కళ్లతో ఒకసారి చూడు, ఎడమవైపు.