బీవీఎస్సీ చదువుతూ తబలా, క్రికెట్, ఇల్లు: మూడూ కుదురుతాయా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. రాజేంద్రనగర్‌లో బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) మొదటి సంవత్సరం. తబలా నేర్చుకుంటున్నా, క్రికెట్ అంటే పిచ్చి, ఇంట్లో గొర్రెలున్నాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు ఇవన్నీ అటకెక్కించాల్సిందేనా?

అటకెక్కించొద్దు తమ్ముడూ. కాకపోతే ఈ కోర్సు ఒక్కో ఏడు ఒక్కోదాన్ని మింగుతుంది. మొదటి ఏడు అనాటమీ నీ జ్ఞాపకశక్తిని తింటుంది, క్లినిక్స్ (పశువుల ఆసుపత్రి డ్యూటీలు) మొదలయ్యాక సాయంత్రాలు పోతాయి. ఆ లెక్క చూసి హాబీని మలుచుకోవాలి.

డిసెక్షన్‌లో (పశువు శవాన్ని కోసి చూసే క్లాసు) చూసిన కండరాలు, నరాలు ఆ రాత్రే అరగంట కూర్చుని బొమ్మ గీసి పేర్లు రాసెయ్. శనివారానికి వాయిదా వేస్తే అదే పనికి మూడు గంటలు పడుతుంది, ఆదివారం మ్యాచ్ పోయేది అందుకే. శవం కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌తో వేళ్ల చర్మం ఎండి పగులుతుంది, తబలా వాయించేవాడికి అది పెద్ద నష్టం. లేటెక్స్ కంటే నైట్రైల్ గ్లోవ్స్ మేలు. బయటికి రాగానే సబ్బుతో కడిగి కొబ్బరినూనె రాయి. ఏప్రాన్ వేరుగా ఉతుకు.

హాజరు 75 శాతం ఉండాలి. వారానికి నాలుగు క్లాసులుండే సబ్జెక్టు 16 వారాలు నడిస్తే 64 క్లాసులు, అందులో 16 పోగొట్టుకోవచ్చు. చాలా ఉన్నట్టే కనిపిస్తుంది. జ్వరం, అక్క పెళ్లి, బతుకమ్మ, దసరా కలిస్తే అయిపోతాయి. మ్యాచ్ కోసం వాటిని ముట్టుకోకు. అందులోనూ ప్రాక్టికల్ అసలు వదలొద్దు. థియరీ స్నేహితుడి నోట్సుతో గట్టెక్కుతుంది, ఆ రోజు కోసిన శవం మాత్రం మళ్లీ దొరకదు.

క్లినిక్స్‌లోకి వచ్చాక టీమ్ ఆటలు దెబ్బతింటాయి. దూడ అడ్డం తిరిగిన బర్రె నీ డ్యూటీ అయిపోయే వేళకే వస్తుంది, మధ్యలో వదిలి పోలేవు. టోర్నమెంటుకు పేరిచ్చి రాకపోతే జట్టువాళ్లతో మాటపడాలి. ఎప్పుడైనా మొదలుపెట్టి ఎప్పుడైనా ఆపగలిగేదే నిలుస్తుంది, తబలా సాధన అలాంటిదే. పైగా చూడి పరీక్షకు (మలద్వారంలో చేయి పెట్టి చూలు ఉందో లేదో చూడటం) గోళ్లు పొట్టిగా ఉండాలి, తబలాకూ అంతే. ఆ పరీక్షలు నేర్చుకునే రోజుల్లో పశువు బిగబట్టినప్పుడల్లా మణికట్టు, భుజం పట్టేస్తాయి. సాధారణంగా ఎడమ చేయే లోపలికి పెడతారు కాబట్టి నువ్వు ఎడమచేతి బౌలర్‌వైతే మరునాడు బంతి పట్టొద్దు. తబలాలోనూ ఆ రోజు డగ్గా (ఎడమచేతి వాద్యం) తగ్గించి కుడిచేతి బోల్స్ చూసుకో.

పరీక్షల నెలలో సాధన పూర్తిగా మానకు, పదిహేను నిమిషాలకు దించు. నెల ఆపితే వేగం తిరిగి రావడానికి ఇంకో నెల పడుతుంది. హాస్టల్లో కుక్కపిల్లను పెంచాలన్న కోరిక మాత్రం ప్రతి బ్యాచ్‌లో ఎవరికో ఒకరికి పుడుతుంది. ఆ ఒక్కడివి నువ్వు కావొద్దు.

అందరూ తక్కువ అంచనా వేసేది ఫోన్లను. సీటు వచ్చిన రోజు నుంచే ఊళ్లో నువ్వు 'డాక్టర్ సాబ్'వి. 'గొర్రె మేస్తలేదు, ఏం సూది వెయ్యాలె?' అని రాత్రి పదింటికి చేస్తారు. మందు పేరు చెప్పకు. వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయకూడదు. పైగా చూడకుండా చెబితే తప్పు మోతాదు పడుతుంది, జీవం పోతే చుట్టరికం కూడా పోతుంది. రెండు మాటలు సిద్ధంగా పెట్టుకో: '1962కు ఫోన్ చేయండి, మొబైల్ వెటర్నరీ బండి వస్తుంది', 'మన మండలం డాక్టర్‌కు చూపించండి'. మామూలు ముచ్చట్లకు ఆదివారం సాయంత్రం ఒక గంట ఇవ్వు. మొదట్లో అలుగుతారు, రెండు నెలల్లో అలవాటవుతుంది.

రేబిస్ ముందస్తు టీకా క్లినిక్స్‌కు ముందే వేయించుకో. మొదటి డోసు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు. ఆ తేదీలు చూసుకున్నాకే ఊరికి టికెట్.

శనివారం క్లాసులయ్యాక బస్సెక్కి ఇంటికి పోయేటప్పుడు క్లినిక్ బట్టలు, గమ్‌బూట్లు హాస్టల్లోనే వదిలెయ్. గాలికుంటు వైరస్ చెప్పులకు, బట్టలకు అంటుకుని ప్రయాణిస్తుంది. ఈసుకుపోయిన బర్రె మాయను ముట్టుకున్న చేతులతో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా నీకే అంటుకోవచ్చు కాబట్టి అలాంటి కేసుకు భుజం దాకా గ్లోవ్ తప్పనిసరి. ఇంటికి చేరాక ముందు స్నానం, వేరే చెప్పులు, ఆ తర్వాతే గొర్రెల దొడ్డి. అమ్మకు కూడా ఈ వరుస ముందే చెప్పు, లేకపోతే బస్సు దిగీ దిగకముందే 'ఆ కుంటే గొర్రెను జర చూడు బిడ్డా' అంటుంది.