అప్పు చేసి మ్యాక్‌బుక్ కొనాలా? ఖమ్మం నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. ఐఫోన్ యాప్‌లు చేయడం నేర్చుకుంటానని యాపిల్ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ అడుగుతోంది. ఈఎంఐ మీద తప్ప కొనలేను. ఆఫీసుల్లో అంతా విండోసే, యాపిల్ కంప్యూటర్లు ఎంతకాలం ఉంటాయో తెలీదు, వాటిని నమ్ముకుంటే ఉద్యోగం రాదని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తానండీ. యాపిల్ ఎక్కడికీ పోదు, కానీ మీరు ఇప్పుడు అప్పు చేసి మ్యాక్‌బుక్ కొనకండి.

మీ బావమరిది భయం ఉత్తిదేం కాదు, ఇదే మాట 1997లో అని ఉంటే చాలామంది అవుననేవాళ్లు. విండోస్ 95 వచ్చాక యాపిల్ కంప్యూటర్లయిన మ్యాక్‌ల అమ్మకాలు పడిపోయాయి, కోప్లాండ్ పేరుతో ఏళ్ల తరబడి చేస్తున్న, కంప్యూటర్‌ను నడిపే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఓఎస్) 1996లో మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది, ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరంలో నష్టం 100 కోట్ల డాలర్లు దాటింది. యాపిల్ మీ చేతిలో ఉంటే ఏం చేస్తారని అడిగితే, మూసేసి వాటాదారుల డబ్బు వాళ్లకు ఇచ్చేస్తానని డెల్ కంప్యూటర్ల కంపెనీ పెట్టిన మైకేల్ డెల్ నలుగురిలోనే అన్నాడు. మరి ఎలా గట్టెక్కింది? తమవల్ల కాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను బయట కొనుక్కుంది. బీ అనే చిన్న కంపెనీతో బేరం కుదరలేదు, యాపిల్‌ను మొదలుపెట్టినవాళ్లలో ఒకడై, తర్వాత బయటికి వెళ్లిన స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీని దాదాపు 40 కోట్ల డాలర్లకు తీసుకుంది, జాబ్స్ కూడా దాంతోపాటే వెనక్కి వచ్చాడు. 1997 ఆగస్టులో పోటీదారు మైక్రోసాఫ్టే 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి, మ్యాక్‌కు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఇస్తూనే ఉంటానని మాటిచ్చింది.

2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌కు పునాది ఆ నెక్స్టే, ఐఫోన్‌కూ అదే. మీ అమ్మాయి పాత ఐఫోన్ కోడ్ ఏదైనా తెరిచి చూస్తే ఎన్ఎస్‌స్ట్రింగ్, ఎన్ఎస్‌అర్రే అంటూ వరసగా కనిపిస్తాయి, ముందున్న ఆ ఎన్ఎస్ నెక్స్ట్ రోజుల నుంచి వచ్చిందే. ఆ పునాదిలో ఉన్నది యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్. అమ్మాయి కెరీర్‌కు పనికొచ్చే అసలు విషయం నా దృష్టిలో ఇదే, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పీసీల అమ్మకాల్లో మ్యాక్ వాటా ఇప్పటికీ 10 శాతానికి అటూఇటూనే. అయినా నిలబడటానికి కారణం మిషన్, ఓఎస్, 2020 నుంచి చిప్ డిజైన్ కూడా ఒకరి చేతిలోనే ఉండటం, పైగా ఐఫోన్ ఆదాయం అండగా ఉండటం. విండోస్ ల్యాప్‌టాప్ చేసే కంపెనీకి ఆ వెసులుబాటు లేదు, ఓఎస్ మైక్రోసాఫ్ట్‌ది, చిప్ ఎక్కువగా ఇంటెల్‌దో ఏఎండీదో, ఇక మిగిలింది ధర దగ్గర కొట్టుకోవడమే.

కానీ కంపెనీ నిలబడినంత మాత్రాన ఫ్రెషర్‌కు ఉద్యోగం వచ్చేయదండీ. ఐఫోన్ యాప్‌ల పోస్టులు తక్కువ, వాటిలోనూ అనుభవం ఉన్నవాళ్లనే ఎక్కువగా అడుగుతారు. క్యాంపస్‌కు వచ్చేవాళ్లు అడిగేది డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్‌లకు వాడే ఎస్‌క్యూఎల్, ప్రోగ్రామింగ్ భాషల్లో జావా లేదా పైథాన్. చేరాక పని చేయాల్సిన సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీదే నడుస్తాయి, అది యూనిక్స్ పద్ధతిలోనే చేసిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లు 2017 నుంచి అన్నీ లినక్సే. మన హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన 2014లోనే మా కంపెనీకి లినక్స్ అంటే ప్రేమ అన్నారు, 2016కల్లా విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు వచ్చేసింది.

కిందటేడు నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్తాను. మూత పగిలి, చార్జర్ వైరుకు టేపు చుట్టిన ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌తో లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేసుకున్నాడు. వారం పాటు వైఫై రాలేదు, ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి నెట్ తెచ్చుకుని, వైఫైకి కావాల్సిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తనే వెతికి ఎక్కించాడు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో మ్యాక్ ముందు కూర్చోబెట్టి, ఈ లాగ్ ఫైల్‌లో ఎర్రర్ లైన్లు ఎన్నున్నాయో చెప్పమన్నారట. అప్పటిదాకా మ్యాక్ ముట్టుకోలేదు వాడు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి, ఫైల్‌లో మాటలు వెతకడానికి ఉబుంటులో అలవాటైన గ్రెప్ కమాండే కొట్టాడు, పనిచేసింది! రెండింటిదీ యూనిక్స్ వరసే కదా.

కాబట్టి ఇంట్లో ఏ పాత ల్యాప్‌టాప్ ఉన్నా పారేయకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, చాలా పాత మిషన్లకు విండోస్ 11 ఎక్కదు, ఉబుంటు మాత్రం చాలావాటిలో చక్కగా నడుస్తుంది. ఫొటోలు, కాగితాలు ముందు బ్యాకప్ తీసుకోమనండి, ఇది మర్చిపోయి ఏడ్చినవాళ్లను చూశాను. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాషను యాపిల్ 2015లో ఓపెన్ సోర్స్ చేసింది, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి పెట్టింది, అది లినక్స్ మీదా నడుస్తుంది, అంటే భాష నేర్చుకోవడానికి మ్యాక్ అక్కర్లేదు. అసలు యాప్ తయారుచేయడానికి మాత్రం ఎక్స్‌కోడ్ అనే యాపిల్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది, యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు అదనం. మూడో సంవత్సరం చివరికి స్విఫ్ట్‌లో తను రాసినవి నాలుగైదు చూపించి, ఇంకా ఇదే కావాలంటే అప్పుడు మానిటర్ లేకుండా వచ్చే చిన్న కంప్యూటర్ మ్యాక్ మినీ చూడండి, మానిటర్ ఇంట్లో ఉంటే మ్యాక్‌బుక్ కంటే చాలా తక్కువలో అయిపోతుంది.

ఇదంతా అమ్మాయితోనే చదివించండి. ఉబుంటు వేసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే నాకు రాయమనండి, ఈసారి మీరు కాకుండా తననే రాయమనండి, స్క్రీన్ మీద ఏం వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.