హిటాచీ గంటకు ఎంత డీజిల్ తాగుతోందో లెక్క కట్టడం ఎలా?

అన్నా, మీ 20 టన్నుల హిటాచీకి (తవ్వి టిప్పర్లు నింపే బండికి) లెక్క ఒకరోజు గంటకు 12 లీటర్లు, ఇంకోరోజు 17 వస్తోంది, ఎవరైనా డీజిల్ తీస్తున్నారా అని అడిగారు కదా. ఆపరేటర్‌ను అనుమానించే ముందు, ట్యాంకు నింపేటప్పుడు బండి ఎక్కడ నిలబెట్టారో చూసుకోండి.

తాడిపత్రి దగ్గర సున్నపురాయి క్వారీలో నాకు ఇదే జరిగింది. రోజూ సాయంత్రం బ్యారెల్ నుంచి చేతిపంపుతో ట్యాంకు నిండా కొట్టి, పట్టిన లీటర్లను ఆరోజు అవర్ మీటర్ (ఇంజన్ నడిచిన గంటలు చూపే మీటరు) తిరిగిన గంటలతో భాగించేవాళ్లం. ఒకరోజు 8 గంటల పనికి 92 లీటర్లు పట్టింది, మర్నాడు అదే 8 గంటల పనికి 132. గంటకు 11.5 ఉన్నది 16.5 అయ్యేసరికి ఆపరేటర్‌ను నలుగురి ముందు నిలదీశాను. అతను ఒక్క మాట అనలేదు, నెల జీతం తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, మొదటిరోజు బండి వాలులో ఉండగా నింపాం, ట్యాంకులో ఒక మూల ఖాళీ ఉండగానే డీజిల్ మూతి దాకా వచ్చేసి 20 లీటర్లు తక్కువ పట్టింది. మర్నాడు చదును నేల మీద ఆ 20 లీటర్లు కూడా పట్టాయి. రెండు రోజులూ కలిపితే 16 గంటలకు 224 లీటర్లు, అంటే సరిగ్గా 14. చుక్క డీజిల్ పోలేదు. అతన్ని అలా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఒక్కరోజు లెక్క నమ్మొద్దు. ఒకే చదును చోట, రోజూ ఒకే టైముకి, నురుగు దిగేదాకా ఆగి, మళ్లీ మూతి దాకా నింపండి. కనీసం 40 గంటల లెక్క కలిపి భాగించండి. టైము ఎందుకంటే డీజిల్ వేడికి ఉబ్బుతుంది, 200 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర లీటర్లు ఎక్కువ కనిపిస్తుంది, మన ఎండల్లో అది మామూలే. బ్రేకర్ (బకెట్ బదులు బిగించే, రాయి పగలగొట్టే సుత్తి) కొట్టిన గంటలు విడిగా రాయండి, బకెట్ పనితో కలిపితే ఏదీ తేలదు.

డీజిల్ కొలవడానికి పైపుకి మీటరు బిగిస్తామని ఎవరైనా వస్తే, రిటర్న్ లైనుకి కూడా పెడతారా అని అడగండి. పంపుకి వెళ్లిన డీజిల్ అంతా కాలదు, మిగిలింది తిరిగి ట్యాంకులోకే వస్తుంది, ఒక్క మీటరే పెడితే తాగనిది కూడా తాగినట్టు చూపిస్తుంది.

ఇంకోటి, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. టిప్పర్లు రాక బండి ఐడిల్‌లో (పని లేకుండా ఇంజన్ ఆన్‌లో) ఉన్నా అవర్ మీటర్ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు గంటకు లీటర్లు తగ్గి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. 8 గంటల్లో 100 లీటర్లకు 40 టిప్పర్లు నింపితే గంటకు 12.5, కానీ టిప్పర్‌కు రెండున్నర లీటర్లు. అదే 112 లీటర్లకు 56 టిప్పర్లు నింపితే గంటకు 14, టిప్పర్‌కు రెండే. మనకు లాభం మిగిలేది ఈ రెండో లెక్కలోనే. కాబట్టి టిప్పర్ల లెక్క కూడా అదే పుస్తకంలో రాయండి, ఆపరేటర్ ఎదురుగానే రాయండి.

మీ బండి ఏ మోడల్, రోజుకు బ్రేకర్ ఎన్ని గంటలు నడుస్తుందో చెప్పండి, నా పుస్తకంలో ఉన్న లెక్కలతో పోల్చి చూస్తాను.