ఆ ఉత్తరం ఎవరికి రాశాడో చూడు

అమ్మా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. నడక బాగుంది, ఎక్కడా తడబడలేదు. నా పేచీ అంతా రెండో పేరాతోనే. "కాలం భ్రమ అని ఐన్‌స్టీన్ నిరూపించాడు. కాబట్టి జరగబోయేది ఎప్పుడో రాసిపెట్టి ఉంది" అన్నావు. మధ్యలో ఆ 'కాబట్టి' ఉంది చూశావా, దాని నెత్తిన మోయలేనంత బరువు పెట్టావు.

ముందు ఆ భ్రమ సంగతి. నువ్వు ఎత్తి రాసిన మాట ఏ సైన్సు పత్రంలోదీ కాదు, ఒక పరామర్శ ఉత్తరంలోది. మిషెల్ బెస్సో ఐన్‌స్టీన్‌కి చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు, బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఇద్దరూ కలిసి పనిచేశారు. 1905లో సాపేక్షత మీద రాసిన తొలి పత్రం చివర ఐన్‌స్టీన్ కృతజ్ఞత చెప్పుకున్నది ఈ బెస్సో ఒక్కడికే. ఆయన 1955 మార్చి 15న పోయాడు. 21న ఐన్‌స్టీన్ ఆ ఇంటివాళ్లకు రాశాడు. ఈ వింత లోకం నుంచి నాకంటే కాస్త ముందు వెళ్లాడు, దానికేమీ అర్థం లేదు, భౌతికశాస్త్రాన్ని నమ్మిన మాలాంటివాళ్లకు గతం, వర్తమానం, భవిష్యత్తు అనే తేడా మొండిగా వదలని ఒక భ్రమ మాత్రమే అని దాని సారాంశం. రాసేనాటికి తనకి 76 నిండి వారం. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 18న, తనూ పోయాడు. చావింటికి రాసిన మాటను నువ్వు సిద్ధాంతం చేసేశావు. అదే మనిషి, 'ఇప్పుడు' అన్నది తనను బాగా ఇబ్బంది పెడుతోందనీ, మనిషికి అంత ముఖ్యమైనది భౌతికశాస్త్రానికి చిక్కడం లేదనీ తత్వవేత్త రుడాల్ఫ్ కార్నప్‌తో వాపోయాడు. ఇది మాత్రం ఎవరూ కోట్ చెయ్యరు!

సాపేక్షత ప్రకారం 'ఇప్పుడు' అందరికీ ఒకటి కాదు, కదిలే తీరును బట్టి మారుతుందన్నది అసలు విషయం. దాన్ని నువ్వు "అందరికీ తెలిసిందే" అని దాటేశావు. తెలియదమ్మా. కాగితం మీద లెక్క వేసేదాకా నాకే పట్టుబడలేదు. ఆండ్రోమెడా గెలాక్సీ సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నువ్వు అరుగు మీద కూర్చున్నావు. మీ అన్నయ్య పాలప్యాకెట్ కోసం సరిగ్గా అటువైపే నడుస్తున్నాడు, సెకనుకు 1.4 మీటర్లు, మామూలు నడక. ఈ క్షణాన అక్కడ ఏ రోజు నడుస్తోందని ఇద్దరూ లెక్కగడితే, అన్నయ్య లెక్క నీ లెక్క కంటే నాలుగు రోజులు ముందుంటుంది. ప్యాకెట్ పట్టుకుని తిరిగొస్తుంటే నాలుగు రోజులు వెనక. పాఠకుణ్ణి ఇక్కడ కాసేపు నిలబెట్టు, తొందరపడకు.

ఇలాంటి లెక్క పట్టుకునే 1967లో తత్వవేత్త హిలరీ పట్నమ్ వాదించాడు, నీకింకా రాని రోజు ఇంకొకరికి 'ఇప్పుడు' అయితే, ఆ రోజు ఉన్నట్టే కదా అని. గట్టి వాదనే. మరుసటి ఏడు ఇంకో తత్వవేత్త హోవర్డ్ స్టీన్ జవాబిచ్చాడు, నా ఓటు ఆయనకే. ఆండ్రోమెడాలో ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగినా మీ ఇద్దరికీ కబురు రావాలంటే 25 లక్షల ఏళ్లు పడుతుంది. ఒకదాన్నొకటి తాకలేనంత ఎడంగా ఉన్నవాటి వరసే అలా తారుమారవుతుంది. అగ్గిపుల్ల గీశాక చెయ్యి కాలడం మాత్రం ఎవరు ఎంత వేగంగా పోతూ చూసినా అదే వరస. నీ రేపు ఈ రెండో రకంలోది.

అయితే స్థలకాలాలను గణితవేత్త మింకోవ్‌స్కీ 1908లో ఒకే అల్లికగా చూపించాక, కాలమంతా చాపలా పరిచే ఉంది అనేవాళ్లున్నారు. ఉండనీ. పరిచి ఉండడం వేరు, రాసిపెట్టి ఉండడం వేరు. నిన్న నువ్వు కాఫీ తాగావు, అది ఇక మారదు. అయినా తాగింది నువ్వే, ఎవరూ ముక్కు మూసి గొంతులో పొయ్యలేదు. రేపటి కాఫీ కూడా ఆ చాప మీద ఉందనుకున్నా అంతే. ఇవాళ్టి నుంచి రేపు ఒకే రకంగా రాగలదా అన్నది ఇంకో పంచాయితీ. దానికి క్వాంటం భౌతికశాస్త్రం దాకా పోవాలి, ఈ వ్యాసంలో దూరకు.

'భ్రమ' అనే మాట వాడేముందు ఒకటి గుర్తుంచుకో. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అతి కచ్చితమైన సీజియం అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. ఇంటి దగ్గరున్న గడియారాలతో పోలిస్తే తూర్పుగా వెళ్లినవి 59 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి 273 ముందుకెళ్లాయి. కాలం లేనిదైతే తగ్గేదేమిటి, పెరిగేదేమిటి?

ఇంత సాగదీయడానికి కారణముంది. చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం అనుబంధంలో నేనూ నీలాగే "అంతా ముందే ఉంది" అని ముగించాను. పది రోజులకు ఒక పాఠకుడి దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ఆయన భార్యకు జబ్బు, వైద్యానికి ఉన్న ఎకరం అమ్మాలి. "ముందే ఉన్నదైతే అమ్మడం దండగే కదండీ, చదువుకున్నవారు, మీరే చెప్పండి" అని రాశాడు. ఆ పూట అన్నం సయించలేదు. పొలం సంగతి నేను చెప్పలేను గానీ నేను రాసిన ఆ ముగింపు తప్పు అని జవాబు రాశాను. మళ్లీ ఆయన దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు.

తలరాత పేరా తీసెయ్. బెస్సోని మొదటికి తీసుకురా. పాలప్యాకెట్ కావాలంటే వాడుకో. మార్చి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు