కంట్లో పువ్వు పడేదాకా ఆగకండి

ప్రశ్న: మాకు 60 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. వారం రోజుల్లో ఒకదాని తర్వాత ఒకటిగా ఐదింటికి కళ్ల నీళ్లు పట్టుకున్నాయి. రెండింటికి పువ్వు పడింది. అందులో ఒకటి చూడిది, కంచెకు కొట్టుకుంటోంది. పొగాకు నమిలి కంట్లో ఊస్తే పోతుందంటున్నారు. నిజమేనా?
– ఓ రైతు, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ఆ పొగాకు మాట మరిచిపోండి. పుండు పడ్డ కంట్లో పొగాకు రసం పోస్తే పుండు ఇంకా లోతుకు పోతుంది. రోగం తీయని కన్ను ఈ వైద్యం తీసేస్తుంది.

ఇలా వరసగా వస్తోందంటే చాలావరకు అంటు కండ్లకలకే. మైకోప్లాస్మా, క్లామిడియా వంటి సూక్ష్మజీవులతో వస్తుంది. ఈగలు, దుమ్ము, ఒకే తొట్టిలో మూతులు పెట్టడం వల్ల గొర్రెల మందంతా పాకుతుంది. ఒక్క గొర్రెకు, ఒక్క కంటికే వస్తే మాత్రం సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకుందేమో చూడాలి.

పువ్వు ఈ రోగానికి మొదలు కాదు, ముదిరాక కనిపించేది. మొదట్లో గొర్రె ఎండలో కన్ను సగం మూస్తుంది, నీడకు జరుగుతుంది. కంటి కింద తడి వెంట్రుకలకు దుమ్మంటి చార కడుతుంది. జోడిపికి కంటి దగ్గర నల్లమచ్చ ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఆ తడి తెలియదు. పొద్దున్నే దొడ్డి వదిలేటప్పుడు ఒక్కోదాని ముఖం పట్టుకుని, సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూడండి. నల్లగుడ్డు అద్దంలా మెరవాలి. నీలం కలిసిన తెల్లటి మబ్బు కమ్మినా, అంచు నుంచి సన్నటి రక్తనాళాలు లోపలికి పాకినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మధ్యలో గుంట పడినా, మొనలా ఉబ్బినా, చీము కారినా కన్ను చితికిపోవచ్చు. అప్పుడు రేపటిదాకా కూడా ఆగొద్దు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

డాక్టరు కంట్లో ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేసి చూస్తే, పుండు ఉన్న చోట అది ఆకుపచ్చగా పట్టుకుంటుంది. ఆ పరీక్ష కాకుండా స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేయొద్దు. మందులషాపులో ఊరికే ‘ఎర్రకంటికి చుక్కలు’ అని అడిగితే అవే చేతికి రావచ్చు. సాధారణంగా ఆక్సిటెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్, అవసరమైతే ఇంజక్షన్ ఇస్తారు. నీరు తగ్గింది కదా అని మధ్యలో ఆపేయకండి.

జబ్బువాటిని విడిగా నీడలో కట్టి, మంచివాటి పని అయ్యాకే ముట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, అరుదుగా మనిషి కంటికీ అంటుతుంది.

కంచెకు కొట్టుకునే చూడిగొర్రెకు మేత, నీళ్లు మూతి దగ్గరే పెట్టండి. కడుపులో కవలలుంటే కొద్దిరోజుల పస్తుకే పడిపోతుంది. మందు పడితే చాలా కళ్లలో మబ్బు కొన్ని వారాల్లో తేటపడుతుంది. గుడ్డిదైపోయిందని దాన్ని ఇప్పుడే తెగనమ్మకండి.