తెల్లకాగితం మీద రాసిన వీలునామా చెల్లుతుందా?

గుంటూరు బ్రాడీపేటలోని ఇంటిని నాన్నగారు కొడుకు పేర తెల్లకాగితం మీద రాసి పోయారు, రిజిస్టర్ చేయలేదు, అక్కకు వాటా ఉంటుందా అని అడిగారు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మరణం తర్వాత కూడా రిజిస్టర్ చేయించవచ్చు. ముందు కాగితం చివర చూడండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. వివాదం వస్తే వారిలో ఒకరైనా కోర్టుకు వచ్చి, ‘ఆయన సంతకం చేయడం చూశాను, ఆయన ఎదుటే నేనూ చేశాను’ అని చెప్పాలి. దస్తావేజు రాసినవారు రాసినంత మాత్రాన సాక్షి కారు. చాలా వీలునామాలు వీగిపోయేది ఇక్కడే. సాక్షులు పెద్దవారైతే ఆలస్యం చేయకండి.

మీది హిందూ కుటుంబం అనుకుంటే, ఇల్లు నాన్నగారి స్వార్జితమైతే మొత్తం రాయవచ్చు. తాతల నుంచి వచ్చిన పిత్రార్జితమైతే తన వాటా వరకే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది, పెళ్లయినా పోదు. పెళ్లిలో కట్నం ఇచ్చామనే మాట ఆ హక్కును రద్దు చేయదు. వాటా వదులుకున్నట్టు అక్కతో సంతకం పెట్టించుకునే ముందు ఆమెకు ఈ సంగతి చెప్పండి.