దసరాకి తోట ఊడ్చేయకు తల్లీ

చిన్నీ,

నీ ఉత్తరం చేరింది. "ఇక్కడ ఆకులు రాలవు, చలి రాదు, మరి శరదృతువు వచ్చిందని ఎట్లా తెలుస్తుంది అవ్వా?" అని అడిగావు. దాంతోపాటే దసరాలోపు తోటంతా శుభ్రం చేయిస్తానని రాశావు. ఆ రెండో మాట చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది. కూలీలను పిలిచేముందు ఇది చదువు.

అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కురవాలి. "ఉత్తర చూసి ఎత్తరా గంప" అని, అంటే ఉత్తర కార్తెలో వాన లేకపోతే గంప ఎత్తుకుని ఊరు విడవాల్సిందేనని, పెద్దలు ఊరికే అనలేదు. ఆకులు రాలే కాలం కాదు, కొత్తగా చిగురించే కాలం మనకు అదే. అందుకే ఋతువు సంగతి పిట్టల్ని, పురుగుల్ని అడగాలి.

మొదట మీ బావి పక్కన తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్ళు చూడు. వానల్లో మగపిట్ట తల పసుపు పూసినట్టు ఉంటుంది. గూళ్ళు ఖాళీ అయ్యేసరికి ఆ పసుపు పోయి, పిచ్చుకలాగా మామూలు రంగుకొస్తుంది. అప్పటికి కరెంటు తీగల మీద వానకోయిలలు బారులు తీరి ఉంటాయి. తడి నేల మీద తోక ఊపుకుంటూ నడిచే పిట్ట కూడా వచ్చేస్తుంది. కంచెలో "టక్... టక్" అని వినిపించి, వెతికితే కనిపించని చిన్న గోధుమరంగు పిట్ట ఒకటుంది. అదీ హిమాలయాలు దాటి వచ్చిన అతిథే. దానికి పొద చాలు. ఆ పొద కొట్టేయకు.

పాలపిట్ట వలస పిట్ట కాదు, మన దగ్గరే ఉండేది. దసరా నాడు ఎవరైనా పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగితే ఇవ్వకు. దాన్ని పట్టడం నేరం. పొలం గట్టున స్తంభం మీద కూర్చున్నదాన్ని చూడు.

ఇక తూనీగలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు ఇదే. హస్త, చిత్త కార్తెల్లో సాయంత్రం నాలుగు గంటలకు బయట నిలబడు. బంగారు రంగు తూనీగలు మన తల ఎత్తున, ఎక్కడా వాలకుండా, గుంపులుగా తిరుగుతుంటాయి. వాన నీటి గుంటల్లో పుట్టి, గుంట ఎండేలోపు నెలన్నర, రెండు నెలల్లో రెక్కలు తెచ్చుకునే జాతి అది. అక్టోబరులో ఇలాంటివే మాల్దీవుల్లో వేలకొద్దీ దిగుతాయి. అక్కడ గుడ్లు పెట్టడానికి నిలవ మంచినీళ్ళు దాదాపు ఉండవు. ఇవి భారతదేశం నుంచి గాలివాటుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో రాశారు. బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు మారిపోయేది. నీ తోటలో తిరిగే తూనీగ ఆ ప్రయాణానికి బయలుదేరినదై ఉండొచ్చు.

సీతాకోకచిలుకల విషయంలో నేను ఒక తప్పు చేశాను. ఒక ఏడు పండగకని కంచె వెంట జిల్లేడు అంతా పీకించాను. మర్నాడు నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి, మొక్కలు లేని చోటే చాలాసేపు చుట్టూ తిరిగింది. గుడ్లు పెట్టడానికి దానికి జిల్లేడు, దాని జాతి మొక్కలే కావాలి. ఆ తర్వాత ఎప్పుడూ పీకించలేదు.

జనుము, గిలిగిచ్చ మొక్కల ఎండిన కట్టెలు, కాయలు కూడా ఉంచు. నల్లటి రెక్కల మీద లేత నీలి చారలున్న సీతాకోకచిలుకలు అక్టోబరు, నవంబరుల్లో పడమటి కనుమల వైపు ప్రయాణం చేస్తాయి. దారిలో మగవి ఆ ఎండు కాయల మీద గుంపుగా వాలి రసం పీల్చుకుంటాయి. ఆడవాటిని పిలిచే వాసన తయారుకావడానికి వాటికి ఆ రసం కావాలి. ఎండిపోయిందని మనం తగలబెట్టేది వాటికి అంత అవసరం.

కార్తీకం గడిచేదాకా ఏమీ కొట్టించకు. నడిచే దారి మాత్రం ఊడ్పించుకో, పాముల భయం ఉంటుంది కదా. మందు కొట్టొద్దు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, మధ్యలో రాయి పెట్టు. రోజూ నీళ్ళు మార్చు, లేకపోతే దోమలు చేరతాయి. ఒక నోటుబుక్కులో ఏ పిట్ట ఏ తేదీన మొదటిసారి కనిపించిందో రాసుకో. నా దగ్గర అలాంటివి ఇరవై రెండు పుస్తకాలున్నాయి. స్వాతి కార్తెలో వచ్చినప్పుడు తెస్తాను, నీ తేదీలు, నావి పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ అవ్వ